పాత మోటారు సైకిలుకు సరైన ఛాసిస్, సరైన ఫోర్కు పోల్చుకోవడం ఎలా?

బెంగళూరులో పాత బండిని బాగుచేయించాలనుకునేవారికి సామాను దొరకదన్న దిగులు అక్కరలేదు. జె.సి. రోడ్డు, కలాసిపాళ్యం, శివాజీనగర్ గుజరీ (పాత సామాను అంగళ్ళు) ఒక పూట తిరిగితే, జావాకో యెజ్డీకో బుల్లెట్‌కో పనికొస్తుందంటూ ఎవరో ఒకరు ఒక ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని హ్యాండిలుతో పాటు తిరిగే భాగం) తెచ్చి ముందు పెడతారు. అసలు కష్టం అది మన బండిదా కాదా అని తేల్చుకోవడంలో ఉంది. లేతు మిషను, వెల్డింగు యంత్రం అందుబాటులో ఉన్న మేస్త్రీ దాదాపు ఏ ఫోర్కునైనా ఏ ఛాసిస్‌కైనా, అంటే బండి అస్థిపంజరానికైనా, తగిలించి చూపించగలడు. బిగిసినంత మాత్రాన ఆ భాగం ఆ బండిది కాదు. ఈ తేడా రంగు వేయించి రోడ్డెక్కిన తర్వాత తెలిస్తే అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. ఇంజను భాగాలను నెమ్మదిగా, ఏళ్ళ తరబడి సమకూర్చుకోవచ్చు. ఛాసిస్, ఫోర్కు మాత్రం మొదట్లోనే తేలిపోవాలి. అందువల్ల ముందు కాగితాలు, తర్వాత ఛాసిస్, ఆ తర్వాత ఫోర్కు అన్న వరుసను తప్పకుండా పాటించండి.

ముందు కాగితాలు

ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన సంవత్సరం, మోడలు పేరు ఒక కాగితం మీద రాసుకుని, బండి చూడడానికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ పొంతన కుదరని విధంగా యజమాని బండిని మార్చకూడదు. వేరే ఛాసిస్ వేయడం ఆ మార్పుల్లో అన్నిటికంటే పెద్దది. దీనికి తోడు 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వాటి కిందికి వస్తాయి. అయితే ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని మార్పులు చేయకుండా అసలు రూపంలోనే ఉంచుకున్న బండికి మాత్రమే ఆ గౌరవం దక్కుతుంది. ‘వి.ఎ.’ అక్షరాలున్న ఆ నంబరు పలక మీద మీకు ఆశ ఉంటే, ఛాసిస్ విషయంలో సర్దుబాటుకు చోటు లేదని ఇప్పుడే గుర్తించండి.

కడపలోనో చిత్తూరులోనో తాతగారి పేరున ఉన్న బండిని ఇక్కడికి తెచ్చుకునేవారు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కర్ణాటకలో మళ్ళీ రిజిస్టరు చేయించాలి, అందుకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి. ఈ పనుల్లో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఇమ్మని అడగడం మామూలే. ఆ అచ్చులో ఒక్క అంకె అనుమానంగా పడినా ఫైలు కదలదు.

కాగితాలు లేని ఛాసిస్‌ను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. దానితో పాటు ఒక దొంగతనం కేసు కూడా మీ ఇంటికి రావచ్చు.

నంబరును చదవడం

చాలా పాత బండ్లలో ఛాసిస్ నంబరు హ్యాండిలు తిరిగే స్టీరింగ్ హెడ్ మీద గాని, దాని పక్కనే గాని కొట్టి ఉంటుంది. మీ మోడలులో ఖచ్చితంగా ఎక్కడ ఉండాలో పార్టుల పుస్తకంలోనో, అనుమానం లేని అదే సంవత్సరపు మరో బండి మీదో ముందుగా చూసుకోండి. నంబరు అంకెలతో పాటు అది ఉన్న చోటు కూడా సాక్ష్యమే. ఒకవైపు ఉండాల్సిన నంబరు రెండో వైపు కనబడితే దాన్ని తరువాత ఎవరో కొట్టారని అర్థం.

నంబరు మీద రంగు పొరలు పేరుకుపోయి ఉంటే గ్రైండరు ముట్టుకోనివ్వకండి. రంగు తొలగించే ద్రావకం కాస్త పూసి, మెత్తబడిన తర్వాత గుడ్డతో తుడిచి, ఇత్తడి బ్రష్షుతో సున్నితంగా రుద్దండి. ఆ తర్వాత దీపాన్ని పక్క నుంచి, ఏటవాలుగా పట్టుకుని చూడండి. కార్ఖానాలో కొట్టిన అంకెలు సాధారణంగా ఒకే పరిమాణంలో, ఒకే శైలిలో ఉంటాయి. చేతి పంచితో కొట్టినవైతే వరుస కాస్త ఎగుడుదిగుడుగా ఉండవచ్చు. ఆ కాలపు పద్ధతే అది గనుక దాన్ని బట్టి అనుమానించనక్కరలేదు. అనుమానించవలసింది అంకెల చుట్టూ ఉన్న లోహాన్ని. చుట్టుపక్కల గుండ్రంగా ఉన్న హెడ్ ఆ ఒక్క చోట చదునుగా తగిలినా, వేలి కొనకు పల్లంగా అనిపించినా, పాత అంకెల నీడ కొత్త అంకెల కింద కనబడినా, అక్కడ అరగదీసి మళ్ళీ కొట్టారు. నంబరున్న ముక్కను చతురస్రంగా కోసి వేరే ఛాసిస్‌కు అతికించిన బండ్లు కూడా ఉంటాయి. అలాంటి అతుకును లప్పంతో కప్పేస్తారు కాబట్టి, నంబరు చుట్టూ రెండంగుళాల మేర రంగు తీయనివ్వని అమ్మకందారుతో బేరం పెట్టుకోకపోవడమే మంచిది.

అంకెల సంఖ్య కూడా ఎంతో చెబుతుంది. 17 అక్షరాల నంబరు పద్ధతి మన బండ్లకు వచ్చింది చాలా తర్వాత. 1970ల నాటిదని చెబుతున్న బండి మీద 17 అక్షరాలు కనిపిస్తే ఆ ఛాసిస్ చెప్పిన వయసుది కాదు. ఆ 17 అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ వాడరు గనుక, వాటిలో ఏదైనా కనబడితే అది నకిలీ నంబరనడానికి ఇక వేరే రుజువుతో పని లేదు.

ఛాసిస్ ఆకారం

నంబరు తేలిన తర్వాత ఆకారం చూడాలి. ఇక్కడ పార్టుల పుస్తకంలోని బొమ్మలు కంఠస్థం కావాలి. ట్యాంకు కూర్చునే దిమ్మలు, స్టాండు చెవులు (బోల్టు బిగించే చిన్న పలకలు), బ్యాటరీ పెట్టె బ్రాకెట్లు, టూల్‌బాక్సు పలకలు, వెనక మడ్‌గార్డు బోల్టు రంధ్రాలు మోడలు నుంచి మోడలుకు, కొన్నిసార్లు అదే మోడలులో ఏడాది నుంచి ఏడాదికి మారుతాయి. పాత ఛాసిస్‌లో పెద్ద గొట్టాల కంటే ఈ చిన్న చెవులే ఎక్కువ నిజం చెబుతాయి, ఎందుకంటే మార్చేవాడు గొట్టాన్ని తాకడు, అడ్డొచ్చిన చెవిని కోసేస్తాడు. కోసి అరగదీసిన చోట రంగు కింద గుండ్రటి మచ్చ మిగులుతుంది. దాన్ని బొమ్మతో పోల్చి చూడండి.

మన ఊళ్ళో ఎక్కువగా కనిపించే బండ్లలో జావా, యెజ్డీల సంగతి మొదట చెప్పాలి, ఎందుకంటే 1996లో మూతపడిన ఐడియల్ జావా కార్ఖానా మైసూరులోనే ఉండేది, ఇక్కడి గుజరీల్లో ఇప్పటికీ ఎక్కువగా దొరికేది ఆ సామానే. చెక్ దేశపు 353 మోడలు నుంచి వచ్చిన పాత 250 జావాలకు నలుచదరపు కోత ఉన్న గొట్టాలతో వెల్డు చేసిన ఛాసిస్, 16 అంగుళాల చక్రాలు ఉంటాయి. హెడ్‌లైటూ స్పీడోమీటరూ ఫోర్కు తలమీది తొడుగులోనే ఇమిడి ఉంటాయి. 1978లో వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్ దీనికి భిన్నం: చక్రాలు 18 అంగుళాలవి, హెడ్‌లైటు వేరుగా చెవులకు బిగుస్తుంది. పాత జావాకు ‘కాస్త బలంగా ఉంటుంది’ అంటూ రోడ్‌కింగ్ ఫోర్కు వేసిన బండ్లు నగరంలో తిరుగుతూనే ఉన్నాయి. తోలుకోవడానికి అడ్డేమీ లేకపోవచ్చు గాని, అసలు రూపం కోరుకునేవారికి అది తప్పు ఫోర్కే.

మద్రాసు తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్‌ది వేరే పద్ధతి. ముందు నుంచి దిగే ఒంటి గొట్టం క్రాంక్‌కేసు (ఇంజను కింది పెట్టె) దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంజనే ఛాసిస్‌లో ఒక భాగమై బరువు మోస్తుంది. అందుకని ఇంజను దించిన బుల్లెట్ ఛాసిస్‌ను మాత్రమే చూసి తిన్నగా ఉందని నమ్మకండి. ఇంజను ప్లేట్లు, వాటి బోల్టులు సాఫీగా దూరితేనే అది తిన్నగా ఉన్నట్టు. బోల్టును సుత్తితో కొట్టి దింపవలసి వస్తే ఎక్కడో వంపు ఉంది.

పాత ఇంగ్లీషు పద్ధతి ఛాసిస్‌లలో పోత దిమ్మల్లోకి గొట్టాలు దూర్చి ఇత్తడితో అతికించేవారు. అలాంటి అతుకు దగ్గర కాస్త గీకితే పసుపుపచ్చ గీత కనబడాలి. దాని చోట పొలుసుల్లాంటి ఎలక్ట్రిక్ వెల్డింగు కనబడితే అక్కడ ఒకప్పుడు విరిగి బాగుచేసి ఉంటారు. అలా బాగుచేసినంత మాత్రాన వదులుకోనక్కరలేదు, ధరలో మాత్రం అది కనబడాలి.

దెబ్బ తిన్న గుర్తులు

ముందు నుంచి ఢీకొన్న బండిలో మొదట దెబ్బ పడేది స్టీరింగ్ హెడ్ వెనకే. హెడ్ నుంచి దిగే గొట్టం అడుగు భాగాన్ని వేళ్ళతో తడుముతూ కిందికి రండి. కంటికి కనబడని అలలు వేళ్ళకు తగులుతాయి. తర్వాత హ్యాండిలును రెండు వైపులా చివరిదాకా తిప్పి, స్టీరింగ్ ఆగే చిన్న దిమ్మను చూడండి. అది వంగి ఉన్నా, విరిగి మళ్ళీ అతికించి ఉన్నా, ట్యాంకు పక్కన ఫోర్కు తగిలిన సొట్ట ఉన్నా, బండి ఎంత గట్టిగా పడిందో అమ్మకందారు చెప్పకపోయినా తెలిసిపోతుంది.

తిన్నదనం చూడడానికి దారం పద్ధతి చాలు. వెనక చక్రాన్ని రెండు వైపులా ఆనించి దారం ముందుకు లాగి పట్టండి. ముందు టైరు సన్నగా ఉంటే రెండు వైపులా సమానమైన ఖాళీ కనబడాలి. ఖాళీ ఒకవైపే ఎక్కువగా ఉంటే మొదట వెనక చక్రం సర్దుబాటు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) బుష్షులు చూసి, అవి బాగుంటే అప్పుడు ఛాసిస్‌ను అనుమానించండి. పగులు ఉందేమోనన్న అనుమానం ఉన్న చోట రంగు ద్రావకంతో చేసే పరీక్షను మిషను షాపులో చేయిస్తే వెంట్రుకంత గీత కూడా ఎర్రగా బయటపడుతుంది.

ఫోర్కు ఏది?

ముందుగా జాతి తేల్చుకోండి. అన్నీ గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్కులే కావు. పోలెండు వారి ఎస్.హెచ్.ఎల్. ఎం11 నుంచి వచ్చిన పాత రాజ్‌దూత్ 175కు ముందు చక్రాన్ని చిన్న చేతులతో మోసే లింకు ఫోర్కే అసలైనది. దాన్ని పాతకాలపు సామానని తీసేసి టెలిస్కోపిక్ వేసిన బండ్లను ‘మెరుగుపరిచిన’ బండ్లుగా అమ్ముతారు. పునరుద్ధరణకు అవి పెద్ద లోటు, లింకు ఫోర్కు పూర్తి సెట్టుగా దొరకడం కష్టం కనుక.

అలాగే 1980లలో ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్ 350కి ముందు డ్రమ్ బ్రేకు ఉంటుంది. దానికి మూలమైన విదేశీ యమహాలకు డిస్కు ఉంటుంది. డిస్కు ఫోర్కులో ఒక బాటమ్ (ఫోర్కు కాలులో చక్రం బిగిసే కింది భాగం) మీద క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే పరికరం) బిగించే చెవులు ఉంటాయి, డ్రమ్ ఫోర్కులో వాటి బదులు బ్రేకు ప్లేటు తిరగకుండా ఆపే దిమ్మ ఉంటుంది. బాటమ్‌ను చేతిలోకి తీసుకుని ఈ ఒక్కటి చూస్తే చాలు, అది ఏ బండిదో సగం తెలిసిపోతుంది. చెవులు కోసేసి నునుపు చేసిన బాటమ్‌లు కూడా వస్తాయి గనుక ఆ చోట గీతల కోసం వెతకండి. మీ బండికి డ్రమ్ ఉండాల్సి ఉంటే ఆ దిమ్మ లేని ఫోర్కు వద్దు. బ్రేకు పట్టినప్పుడు ప్లేటు తిరిగిపోతే చక్రం పట్టేస్తుంది.

కాస్కెట్ ఉన్న పాత బుల్లెట్లలో, అంటే హెడ్‌లైటు, స్పీడోమీటరు, పక్కల రెండు చిన్న దీపాలు ఒకే పోతలో ఉన్న వాటిలో, ఆ పోతే పైన టాప్ ప్లేటుగా పనిచేస్తుంది. ఫోర్కు గొట్టాల పైకొనలకు మర ఉండి అవి ఆ పోతలోకే బిగుస్తాయి. అందువల్ల ఆ బండికి గొట్టాలు కొనేటప్పుడు పొడవు, మందం ఒకటే అయినా పైకొన మర లేని గొట్టం పనికిరాదు. కాస్కెట్ లోపలి మర కూడా అరిగిపోయి ఉండవచ్చు కాబట్టి, గొట్టాన్ని చేత్తో తిప్పి కనీసం నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కుతుందో లేదో అంగడిలోనే చూడండి.

మరల గురించి ఒక హెచ్చరిక తప్పదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి వచ్చిన బుల్లెట్ల మీద ఇంగ్లీషు మరలు ఉంటాయి. వాటిలో సైకిల్ థ్రెడ్ అనేది అంగుళానికి 26 మరలది, అంటే మరకూ మరకూ మధ్య 0.977 మి.మీ. దూరం. మెట్రిక్‌లో 1 మి.మీ. మర దానికి ఎంత దగ్గరగా ఉందంటే, వ్యాసం కుదిరితే మెట్రిక్ నట్టు మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. ‘ఇంకాస్త బలంగా తిప్పు’ అన్న సలహా విన్నవారు మరను నాశనం చేసుకుంటారు. అంగుళానికి 20 మరలది, 1.25 మి.మీ. మెట్రిక్ మరది కూడా ఇదే కథ. రెండు రకాల థ్రెడ్ గేజీలు జేబులో ఉంచుకోండి, వాటి ధర ఎంతో కాదు.

కొలతలు

పార్టుల పుస్తకం తెచ్చి, లేదా నమ్మకమైన ఒక బండిని కొలిచి, ఈ కొలతలు ముందే రాసిపెట్టుకోవాలి: గొట్టం వ్యాసం, గొట్టం మొత్తం పొడవు, రెండు గొట్టాల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి దూరం, కింది టీ (రెండు గొట్టాలనూ కలిపి పట్టే అడ్డ దిమ్మ) స్టెమ్ (దాని నడుమ నుంచి స్టీరింగ్ హెడ్‌లోకి దూరే కాడ) పొడవు, వ్యాసం, బాల్‌రేసుల (హ్యాండిలు సాఫీగా తిరగడానికి గుండ్లు ఉండే వలయాల) కోన్‌లు కూర్చునే చోటి వ్యాసాలు, చక్రం యాక్సిల్ వ్యాసం. వీటికి తోడు స్టెమ్ మధ్య గీతకూ రెండు గొట్టాల మధ్య గీతకూ ఉన్న ఆఫ్‌సెట్ కొలవడాన్ని ఎవరూ పట్టించుకోరు, నడకను మార్చేది మాత్రం అదే. ఆఫ్‌సెట్ పెరిగితే ట్రయల్ (హ్యాండిలు తిరిగే గీత నేలను తాకే చోటుకూ చక్రం నేలను తాకే చోటుకూ మధ్య దూరం) తగ్గి హ్యాండిలు చురుకుగా, వేగంలో వణుకుతున్నట్టుగా ఉంటుంది. ఆఫ్‌సెట్ తగ్గితే హ్యాండిలు బరువెక్కి సులువుగా తిరగదు. మిగతా కొలతలన్నీ కలిసి ఈ ఒక్కటి తేడా వస్తే, అది మీ బండి టీ కాదు. గొట్టాలు పాతవి ఉంచుకుని టీ మాత్రం వేరేది వెతకండి.

వ్యాసాన్ని వెర్నియర్‌తో గొట్టం పొడవునా మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కులా కొలవండి. ఆయిల్ సీలు ఆడే చోట అరుగుదల బెల్టులా కనబడుతుంది, దాని కంటే మీద, డస్టు కవరు కింద దాగిన చోట తుప్పు గుంతలు ఉంటాయి. చాలామంది గొట్టం కింది భాగం మెరుస్తోందని కొనుక్కుని, ఇంటికొచ్చి కవరు తీశాక ఆ గుంతలు చూస్తారు. గుంతలు లోతుగా లేకపోతే పీణ్యా పారిశ్రామికవాడలో గొట్టాన్ని గ్రైండు చేసి, హార్డ్ క్రోమ్ పోయించి, మళ్ళీ అసలు వ్యాసానికి గ్రైండు చేయించుకోవచ్చు. పని ఇచ్చేటప్పుడు పుస్తకంలోని వ్యాసం రాసి ఇవ్వాలి. అరిగిన గొట్టాన్నే నమూనాగా ఇస్తే అరిగిన కొలతే తిరిగి వస్తుంది.

వంపు చూడడానికి గొట్టాన్ని మందపాటి అద్దం మీద దొర్లించండి. కింద కాంతి సందు వెలుగుతూ ఆరుతూ ఉంటే వంగి ఉంది. ఖచ్చితంగా కావాలంటే వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో చూడాలి. గేజి చూపిన మొత్తం తేడాలో సగమే అసలు వంపు. చాలా సర్వీసు పుస్తకాలు 0.2 మి.మీ. దాకా ఒప్పుకుంటాయి, మీ బండి పుస్తకం ఏమంటుందో దానికి కట్టుబడండి. మడత పడిన గొట్టాన్ని ప్రెస్సు కింద పెట్టి తిన్నగా చేయించకండి. కింది టీ మెలిపడిందేమో చూడడానికి రెండు తిన్నని గొట్టాలు టీలో బిగించి, వాటి మీద అద్దం పలకను అడ్డంగా పెట్టండి. పలక ఒక మూల లేచి ఊగితే టీ మెలిపడింది.

రంగుకు ముందు

ఇప్పుడు ఏ రంగూ లేకుండా, ఛాసిస్, టీ, ఫోర్కు, చక్రాలు, స్వింగ్ ఆర్మ్ అన్నీ ఒకసారి కలిపి బిగించండి. కొత్త బాల్‌రేసులు వేసి, హ్యాండిలు తన బరువుకే రెండు వైపులా నిదానంగా వాలుతుందా, చివరన స్టీరింగ్ దిమ్మ రెండు పక్కలా ఒకే కోణంలో ఆపుతుందా, గొట్టాలు ట్యాంకును తాకకుండా ఉన్నాయా చూడండి. మడ్‌గార్డు స్టేలు లాగకుండా, నెట్టకుండా వాటి రంధ్రాల్లో కూర్చోవాలి. లాగవలసి వస్తే మడ్‌గార్డును గాక మళ్ళీ ఫోర్కునే కొలవండి.

అంతా తృప్తిగా ఉంటే విప్పి శాండ్ బ్లాస్టింగుకు పంపేటప్పుడు ఛాసిస్ నంబరు మీద మందపాటి రబ్బరు ముక్క గట్టిగా అంటించి పంపండి, లేకపోతే ఇసుక అంకెల అంచులు తినేస్తుంది. పౌడరు కోటింగు కూడా ఆ చోట పలుచగా పడాలని షాపులో ముందే చెప్పండి. మందంగా పడితే అంకెలు నిండిపోయి పెన్సిలు అచ్చు రాదు. పంపడానికి ముందు ఆ నంబరుకు మీరే ఒక పెన్సిలు అచ్చు తీసి, పక్క నుంచి వెలుతురు పడేలా ఒక ఫోటో తీసి, ఆర్.సి. నకలుతో కలిపి దాచుకోండి. కోటింగు షాపు నుంచి ఛాసిస్ తిరిగొచ్చిన రోజున మళ్ళీ అచ్చు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న తర్వాతే డబ్బు చెల్లించండి.